ట్రాక్టర్ బ్యాక్‌హోకు వేరే ఇంజిన్: అసలు లోటు ఎక్కడుంది?

చిన్న ట్రాక్టర్ వెనక బ్యాక్‌హో, అంటే గోతులు తవ్వే బకెట్ చెయ్యి, తగిలించుకున్న చాలామందికి మొదట ఎదురయ్యే నిరాశ వేగం గురించే. బకెట్ మట్టిలోకి బాగానే దిగుతుంది, బలానికి కొదవ ఉండదు. కానీ ఆ మట్టిని పైకెత్తి, పక్కకు తిప్పి, పోసి, మళ్లీ గోతిలోకి వచ్చేసరికి ఓపిక నశిస్తుంది. ఇంకొందరి ఇబ్బంది వేరు. బ్యాక్‌హో సెకండ్ హ్యాండ్‌లో మంచిది దొరికింది, ట్రాక్టర్ మాత్రం పాతది, పీటీఓ (పనిముట్లను తిప్పడానికి ట్రాక్టర్ వెనక ఉండే షాఫ్ట్) అంతంతమాత్రం, హైడ్రాలిక్స్ (ఆయిల్ ఒత్తిడితో పనిచేసే ఏర్పాటు) మూడు పాయింట్ల లిఫ్టు (నాగలి లాంటివి తగిలించే వెనక చేతులు) ఎత్తడానికి తప్ప ఎందుకూ చాలవు. రెండు చోట్లా పుట్టే ఆలోచన ఒక్కటే: ట్రాక్టర్‌తో సంబంధం లేకుండా బ్యాక్‌హోకే ఒక పెట్రోల్ ఇంజిను, ఒక పంపు, ఒక ఆయిల్ ట్యాంకు బిగించేస్తే పోలా?

కుదురుతుందా అంటే నిక్షేపంగా కుదురుతుంది. కారు వెనక లాక్కెళ్లే చిన్న బ్యాక్‌హోలు పనిచేసేది ఈ పద్ధతిలోనే. అయితే కుదరడం వేరు, కలిసిరావడం వేరు. ఇంజిన్ కొనేముందు తేల్చుకోవాల్సింది ఏమిటంటే, ఇప్పుడున్న లోటు ఇంజిన్‌దా, పంపుదా, లేక ట్రాక్టర్‌దా అన్నది. చాలా సందర్భాల్లో లోటు పంపుది. దానికి మందుగా ఇంజిన్ కొంటే డబ్బు ఖర్చవుతుంది, బరువు పెరుగుతుంది, జబ్బు సగమే తగ్గుతుంది.

చరిత్ర చూసినా బ్యాక్‌హో ట్రాక్టర్ ఇంజిన్ మీదే బతికింది. 1940ల చివర్లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో వైన్-రాయ్ వాళ్లు ఫోర్డ్ ట్రాక్టర్ వెనక హైడ్రాలిక్ చెయ్యి బిగించినప్పుడూ, 1953లో జేసీబీ తన మొదటి బ్యాక్‌హో యంత్రాన్ని ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ మీద కట్టినప్పుడూ తవ్వకానికి వేరే ఇంజిన్ పెట్టలేదు. ఉన్న ఇంజిన్ నుంచే పంపును తిప్పుకున్నారు. అంత పెద్ద ఇంజిన్ పక్కనే ఉండగా ఇంకోటి ఎందుకన్న ప్రశ్నకు ఇప్పటికీ గట్టి సమాధానం దొరికితేనే వేరే ఇంజిన్ జోలికి పోవాలి.

బలం ఒక లెక్క, వేగం ఇంకో లెక్క

హైడ్రాలిక్స్‌లో బలాన్ని నిర్ణయించేది ఆయిల్ ప్రెషర్, వేగాన్ని నిర్ణయించేది నిమిషానికి ఎన్ని లీటర్ల ఆయిల్ వస్తోందన్నది. ఈ రెండూ వేరని తెలియక జరిగే ఖర్చులే ఎక్కువ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బూమ్ (బ్యాక్‌హో పెద్ద చెయ్యి) ఎత్తే సిలిండర్ లోపలి వ్యాసం 75 మిల్లీమీటర్లు అనుకుంటే, పిస్టన్ వైశాల్యం సుమారు 44 చదరపు సెంటీమీటర్లు. 170 బార్ ప్రెషర్ దగ్గర అది ఏడున్నర టన్నుల పైచిలుకు బలంతో తోస్తుంది. ఆయిల్ నిమిషానికి 10 లీటర్లు వచ్చినా, 100 లీటర్లు వచ్చినా ఆ బలం మారదు. అదే సిలిండర్ 50 సెంటీమీటర్లు బయటికి రావాలంటే 2.2 లీటర్ల ఆయిల్ కావాలి. నిమిషానికి 20 లీటర్లిచ్చే పంపు అయితే ఆరున్నర సెకన్లు పడుతుంది, 40 లీటర్లిచ్చే పంపు అయితే మూడు సెకన్ల పైన. ఒక్కో బకెట్ మట్టికి ఇలాంటి కదలికలు ఐదారు ఉంటాయి, అందులో కొన్ని ఒకేసారి జరగాలి. ఆరున్నర సెకన్ల ఎదురుచూపు అన్నిటికీ పంచుకుంటే రోజు చివర పని సగానికి సగం వెనకబడుతుంది.

ఇందులోనే ఖర్చులేని పరీక్ష ఒకటి ఉంది. ఆయిల్ వేడెక్కాక, ట్రాక్టర్‌ను పనిచేసే ఆర్‌పీఎంలో ఉంచి, బకెట్ గాల్లో ఉండగా ఒక సిలిండర్ పూర్తిగా బయటికి రావడానికి ఎన్ని సెకన్లు పడుతోందో ఫోన్లో చూసుకోవాలి. సిలిండర్ కొలతలు తెలుసు కాబట్టి నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తున్నాయో అదే తేలిపోతుంది. ట్రాక్టర్ పుస్తకంలో 25 లీటర్లని ఉండి ఇక్కడ 14 తేలితే లోపం ఇంకెక్కడో ఉంది: అరిగిన పంపు, మూసుకుపోయిన ఫిల్టర్, సన్నటి క్విక్ కప్లర్ (హోస్‌లను చేత్తోనే విప్పి తగిలించే కలుపు), లేదా ఆయిల్‌ను ట్రాక్టర్ సొంత వాల్వు కొంత దారి మళ్లించడం. ఇవి సరిచేయడానికి ఇంజిన్ అక్కర్లేదు. పుస్తకంలో ఉన్న 25 లీటర్లూ వస్తూ కూడా నెమ్మదిగా ఉందంటే అప్పుడు పెద్ద పంపు గురించి ఆలోచించాలి.

ఇప్పుడు శక్తి లెక్క. నిమిషానికి లీటర్లను బార్‌తో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 20 లీటర్లు, 170 బార్ అంటే 5.7 కిలోవాట్లు. పంపు నష్టాలు కలుపుకుని ఇంజిన్ ఇవ్వాల్సింది 6.7 కిలోవాట్లు, అంటే 9 హార్స్‌పవర్. 40 లీటర్లు కావాలంటే దానికి రెట్టింపు, 18 హార్స్‌పవర్. 30 హార్స్‌పవర్ ట్రాక్టర్ ఇంజిన్‌కు ఇది పెద్ద బరువేం కాదు. ట్రాక్టర్‌లో చాలనిది ఇంజిన్ కాదు, దాని లోపలున్న చిన్న పంపు. ఆ పంపును లిఫ్టు కోసం, స్టీరింగ్ కోసం పెట్టారు తప్ప తవ్వకం కోసం కాదు. 30 గుర్రాల ఇంజిన్ ఖాళీగా తిరుగుతుండగా వెనక 13 గుర్రాల ఇంజిన్ బిగించడమంటే వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరగడమే.

అందుకే మొదట చూడాల్సింది పీటీఓ పంపు. వెనక షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో 40 లీటర్లు రావాలంటే పంపు ఒక్కో చుట్టుకు 74 సీసీ ఆయిల్ తోడాలి. అది పెద్ద పంపు, దాన్ని 170 బార్ దగ్గర తిప్పడానికి 200 న్యూటన్ మీటర్ల పైన టార్క్ (తిప్పుడు బలం) కావాలి. షాఫ్ట్ మీదకు నేరుగా తొడిగే పంపులు అందుకే అంత బరువుగా ఉంటాయి, షాఫ్ట్‌తోపాటు పంపు ఒళ్లంతా గిర్రున తిరిగిపోకుండా గొలుసో ఇనుప బద్దో కట్టాల్సి వస్తుంది. మధ్యలో వేగం మూడు రెట్లు పెంచే గేర్‌బాక్స్ పెడితే 25 సీసీ పంపు చాలు. ఎటు తిప్పి చూసినా ఈ దారిలో ట్రాక్టర్ ఇంజిన్ మీద పడే భారం తక్కువే, కొత్తగా చూసుకోవాల్సిన ఇంజిన్ కూడా ఉండదు.

వేరే ఇంజిన్‌కు అనుకూలంగా చెప్పే మాటల్లో కొన్ని నిజానికి ఈ పీటీఓ పంపుకూ చెందుతాయి. "ట్రాక్టర్ ఆయిల్‌తో బ్యాక్‌హో ఆయిల్ కలవదు" అనేది వాటిలో మొదటిది. మాట నిజమే, విలువైనదే. చాలా ట్రాక్టర్లలో గేర్‌బాక్స్‌కూ హైడ్రాలిక్స్‌కూ ఒకే ఆయిల్. బ్యాక్‌హో పైపు విప్పిన ప్రతిసారీ చేరే మట్టి, నీళ్లు, ఇనుప రజను గేర్‌బాక్స్ దాకా వెళ్తాయి. విడి ట్యాంకు పెడితే ఆ బెడద తీరుతుంది. కానీ దాన్ని తీర్చింది ట్యాంకు, ఇంజిన్ కాదు. పీటీఓ పంపుకు విడి ట్యాంకు పెట్టినా అదే లాభం.

ఇంజిన్ ఆగిపోయేది హార్స్‌పవర్ చాలక కాదు

సరే, పీటీఓ లేదు, లేదా ట్రాక్టర్ ఆ పనికి పనికిరాదు, వేరే ఇంజిన్ తప్పదనుకుందాం. ఎంత ఇంజిన్‌కు ఎంత పంపు? ఎక్కువమంది హార్స్‌పవర్ చూసి లెక్క కట్టేస్తారు. అదొక్కటే చాలదు. బకెట్ రాయికి తగిలి ప్రెషర్ రిలీఫ్ వాల్వు (హద్దు దాటితే ఆయిల్‌ను వదిలేసే వాల్వు) తెరుచుకునేదాకా ఎక్కిన క్షణంలో ఇంజిన్ నిలబడుతుందా, గుటుక్కుమని ఆగిపోతుందా అన్నది టార్క్ మీద ఆధారపడుతుంది.

మామూలు గేర్ పంపుకు ఒక గుణం ఉంది. దాన్ని తిప్పడానికి కావాల్సిన టార్క్ పంపు సైజును, ప్రెషర్‌ను బట్టి ఉంటుంది. వేగాన్ని బట్టి దాదాపు మారదు. అంటే ఇంజిన్ వేగం తగ్గించినా పెంచినా పంపు అడిగే తిప్పుడు బలం అంతే. ఒక్కో చుట్టుకు 8 సీసీ పంపు 170 బార్ దగ్గర, నష్టాలు కలిపి, సుమారు 24 న్యూటన్ మీటర్లు అడుగుతుంది. 10 సీసీ పంపు 30 అడుగుతుంది.

ఇటు ఇంజిన్ వైపు చూస్తే, ఈ తరహా పనులకు విరివిగా వాడే హోండా జీఎక్స్390 ఉంది. 389 సీసీ, 3,600 ఆర్‌పీఎం దగ్గర 8.7 కిలోవాట్లు. దాని టార్క్ ఎక్కువలో ఎక్కువ 26.5 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, అదీ 2,500 ఆర్‌పీఎంలో. 3,600 దగ్గర 23కు దిగుతుంది. 8 సీసీ పంపు తగిలిస్తే ఏం జరుగుతుంది? లోడ్ పడగానే వేగం కాస్త కుంగుతుంది, కుంగేకొద్దీ టార్క్ పెరుగుతుంది కాబట్టి ఎక్కడో 3,000 దగ్గర నిలదొక్కుకుంటుంది. గవర్నర్ (వేగం పడిపోకుండా చూసే భాగం) థ్రాటిల్ తెరుస్తుంది, శబ్దం మారుతుంది, ఆగదు. అదే ఇంజిన్‌కు 10 సీసీ పంపు పెడితే అడిగేది 30, ఉన్నది 26.5. ఎంత వేగంలో నడిపినా రాయి తగిలిన ప్రతిసారీ ఇంజిన్ చచ్చిపోతుంది. ఇంజిన్ బరువుగా మూలుగుతోందని వేగం తగ్గిస్తే ఉపశమనం రాదు సరికదా, ఫ్లైవీల్ ఊపు కూడా పోయి ఇంకా ముందే ఆగుతుంది.

10 సీసీ పంపే కావాలంటే రిలీఫ్ వాల్వును 140 బార్‌కు తగ్గించుకోవాలి. అప్పుడు అడిగేది 25 లోపు. బదులుగా బూమ్ బలం ఏడున్నర టన్నుల నుంచి ఆరు టన్నుల పైకి పడిపోతుంది. మెత్తటి నేలలో పైపుల కోసం కాలవ తీసేవాళ్లకు ఇది మంచి బేరమే. వేళ్లు, బండరాళ్లు ఉన్న నేలలో కాదు. ఇక్కడ ఒకే సరైన జవాబు లేదు, నేలను బట్టి ఎంచుకోవాల్సిందే.

మొత్తానికి జీఎక్స్390 లాంటి, 13 హార్స్‌పవర్ అని పిలిచే ఇంజిన్‌తో నిశ్చింతగా దొరికేది నిమిషానికి 22 లీటర్ల చుట్టుపక్కలే. చాలా చిన్న ట్రాక్టర్ల సొంత హైడ్రాలిక్స్ కూడా దాదాపు అంతే ఇస్తాయి. నెమ్మదిగా ఉందనే కారణంతో ఇంజిన్ కొన్నవాళ్లు ఆఖరికి అదే నెమ్మదికి చేరుకోవడం ఇందువల్లే. 40 లీటర్లు కావాలంటే 20 హార్స్‌పవర్ పైన, రెండు సిలిండర్ల ఇంజిన్ చూసుకోవాలి. దాంతో బరువు, ఖర్చు, పెట్రోల్ అన్నీ పెరుగుతాయి.

దీనికి అడ్డదారిగా కట్టెలు చీల్చే యంత్రాల్లో వాడే రెండు దశల పంపు గుర్తొస్తుంది. తక్కువ ప్రెషర్‌లో ఎక్కువ ఆయిల్, ప్రెషర్ పెరగగానే తక్కువ ఆయిల్. వాటిలో బాగా తెలిసిన సైజు సుమారు 45 బార్ లోపు నిమిషానికి 41 లీటర్లు, ఆ పైన 11 లీటర్లు ఇస్తుంది. ఐదారు హార్స్‌పవర్ ఇంజినే దీన్ని లాగేస్తుంది. కట్టె చీల్చడానికి ఇంతకు మించింది లేదు, ఎందుకంటే అక్కడ ఒకటే సిలిండరు, ఒకటే దిశ. బ్యాక్‌హోలో ఆపరేటర్ రెండు లివర్లు కలిపి కదుపుతూ ఒక లయలో తవ్వుతాడు. మధ్యలో ఒక సిలిండర్‌కు లోడ్ తగలగానే పంపు దశ మారి, మిగతా కదలికలన్నీ ఒక్కసారిగా నాలుగో వంతు వేగానికి పడిపోతాయి. లోడ్ తగ్గగానే మళ్లీ ఎగిరిపడతాయి. గోడ పక్కనో, నీళ్ల పైపు పక్కనో తవ్వేటప్పుడు ఈ కుదుపు అసలు పనికిరాదు. తక్కువ ఖర్చులో ఎలాగోలా తవ్వితే చాలనుకుంటే తప్ప ఇది బ్యాక్‌హోకు తగిన పంపు కాదు.

బిగింపులో పట్టించుకోవాల్సినవి

పంపు తిరిగే దిశ దగ్గర పొరపాటు తరచూ జరుగుతుంది. చిన్న పెట్రోల్ ఇంజిన్లను షాఫ్ట్ వైపు నుంచి చూస్తే ఎక్కువ భాగం గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిరుగుతాయి. పంపు దానికి ఎదురుగా నిలబడుతుంది కాబట్టి పంపు షాఫ్ట్ వైపు నుంచి చూస్తే అదే తిరుగుడు ముల్లు దిశలో కనిపిస్తుంది. కొనాల్సింది ముల్లు దిశలో తిరిగే పంపు. తప్పుడు దిశ పంపు తగిలిస్తే ఆయిల్ రాకపోవడంతో ఆగదు, ప్రెషర్ వెనకనున్న షాఫ్ట్ సీలు మీద పడి అది ఊడిపోతుంది.

ఇంజిన్‌కూ పంపుకూ మధ్య రబ్బరు స్టార్ ఉన్న జా కప్లింగ్ వాడతారు. రెండు ముక్కల మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు వదలాలి. సందు లేకుండా దగ్గరికి నొక్కేసి బిగిస్తే ఇంజిన్ వేడెక్కి షాఫ్ట్ సాగినప్పుడు ఆ ఒత్తిడి పంపు లోపలి ప్లేట్ల మీదకు పోతుంది. రెండు షాఫ్ట్‌లు ఒకే గీత మీద ఉండటం కూడా అంతే ముఖ్యం. బెల్టుతో తిప్పాలనుకుంటే మామూలు గేర్ పంపు పక్క లాగుడు తట్టుకోదు, విడి బేరింగ్ బ్రాకెట్ ఉండాల్సిందే. ఇంజిన్‌నూ పంపునూ ఒకే గీతలో పట్టి ఉంచే, ఫ్యాక్టరీలో చేసిన బెల్‌హౌసింగ్ బ్రాకెట్ కొనుక్కుంటే ఈ తిప్పలన్నీ తప్పుతాయి. వెల్డింగ్‌తో సొంతంగా చేసిన బ్రాకెట్ల దగ్గర పంపులు తొందరగా లీకవడానికి మొదట అనుమానించాల్సింది ఈ వంకరనే.

సక్షన్ పైపు (ట్యాంకు నుంచి పంపుకు ఆయిల్ వచ్చే పైపు) విషయంలో పిసినారితనం పనికిరాదు. పంపు ఆయిల్‌ను నెట్టగలదు, లాగడంలో మాత్రం బలహీనం. 22 లీటర్ల పంపుకు ఒక అంగుళం సక్షన్ పైపు, వీలైనంత పొట్టిగా, ట్యాంకు మట్టం పంపు కన్నా ఎత్తులో ఉండేలా చూడాలి. ప్రెషర్ వైపు అరంగుళం హోస్ సరిపోతుంది, కాస్త పొడుగైనా ఫర్వాలేదు. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే యూనిట్ ఎక్కడ పెట్టాలనే ప్రశ్న సులువవుతుంది. ఇంజిను, పంపు, ట్యాంకు మూడూ ఒక్కచోటే ఉండాలి. వాటి నుంచి బ్యాక్‌హో దాకా హోస్‌లు కాస్త దూరమైనా తీసుకెళ్లొచ్చు.

ఆ లెక్కన యూనిట్‌ను ట్రాక్టర్ ముందు భాగంలో పెట్టడం తెలివైన పని. బ్యాక్‌హో బరువంతా వెనక ఇరుసుకు అవతల వేలాడుతుంటుంది. ఇంజిను, నిండు ట్యాంకు కూడా అక్కడే పెడితే రోడ్డు మీద ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగ్ పట్టు తప్పుతుంది. ముందు పెడితే అదే బరువు కౌంటర్ వెయిట్‌గా పనికొస్తుంది. పైగా శబ్దం, పొగ, వేడి ఆపరేటర్‌కు దూరమవుతాయి. వెనక సీటు పక్కనే బిగించిన సింగిల్ సిలిండర్ ఇంజిన్ దగ్గర రోజంతా కూర్చోవడం ఎంత నరకమో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. గోతిలో మనిషి దిగి పైపులు పరుస్తున్నప్పుడైతే వెనక ఇంజిన్ పొగ నేరుగా గోతిలోకే పోతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఈ సందర్భంలో ఇంజిన్‌తో సంబంధం లేని ఒక మాట. మూడు పాయింట్ల లిఫ్టుకు మాత్రమే తగిలించే బ్యాక్‌హో తవ్వే బలానికి పైకి లేచి, ఆపరేటర్‌ను ట్రాక్టర్‌కేసి నొక్కేసే ప్రమాదం ఉంది. ట్రాక్టర్ వెనక హౌసింగ్ పగిలే అవకాశమూ ఉంది. ట్రాక్టర్ కింద నుంచి వచ్చే సబ్‌ఫ్రేమ్ మీద బిగించినవే నమ్మదగినవి. పంపు మార్చి బలం పెంచుకునేవాళ్లు ఈ ఫ్రేమ్ సంగతి ముందు చూసుకోవాలి.

వాల్వు విషయానికొస్తే, గేర్ పంపుతో పనిచేసేది ఓపెన్ సెంటర్ వాల్వు. లివర్లన్నీ మధ్యలో ఉన్నప్పుడు ఆయిల్ వాల్వు గుండా సాఫీగా ట్యాంకుకు వెళ్లిపోవాలి. బ్యాక్‌హో క్లోజ్డ్ సెంటర్ ట్రాక్టర్ నుంచి విప్పినదైతే ఆ దారి మూసి ఉంటుంది. ఇంజిన్ స్టార్ట్ చేసిన క్షణం నుంచి పంపు రిలీఫ్ ప్రెషర్‌లోనే తిరుగుతుంది, ఇంజిన్ ఆగిపోతుంది లేదా ఆయిల్ కాగిపోతుంది. కొన్ని వాల్వుల్లో ఒక ప్లగ్ మారిస్తే సరిపోతుంది, కొన్నిటికి వాల్వే మార్చాలి. కొనేముందు ఇది కనుక్కోకపోతే తర్వాత పెద్ద తలనొప్పి.

ఆయిల్ వేడి గురించి అంతగా ఎవరూ ఆలోచించరు. సగటున 5 కిలోవాట్లు వాడే యూనిట్‌లో మూడో వంతుకు కాస్త తక్కువ వేడిగా మారుతుందనుకున్నా, ఒకటిన్నర కిలోవాట్ల వేడి ఆయిల్‌లో చేరుతూ ఉంటుంది. ట్రాక్టర్‌లో అయితే పెద్ద గేర్‌బాక్స్ ఇనుము ఆ వేడిని పంచుకుంటుంది. 15 లీటర్ల రేకు ట్యాంకు పంచుకోలేదు. 22 లీటర్ల పంపుకు 40 నుంచి 60 లీటర్ల ట్యాంకు పెట్టుకోవడం మేలు. అంత చోటు లేకపోతే ఫ్యాన్ ఉన్న కూలర్ పెట్టాలి. ఆయిల్ 60 డిగ్రీల దగ్గర ఉన్నంతసేపు అంతా బాగుంటుంది, 80 దాటితే సీళ్లు గట్టిపడటం, ఆయిల్ పల్చబడి పంపు లోపలే లీకవడం మొదలవుతాయి. పొద్దున చురుగ్గా ఉన్న బ్యాక్‌హో మధ్యాహ్నానికి నీరసపడితే పంపును తిట్టేముందు ట్యాంకు మీద చెయ్యి పెట్టి చూడాలి. ఆ చెయ్యి హోస్‌ల దగ్గరికి మాత్రం తీసుకెళ్లకూడదు. సూది మొనంత చిల్లు నుంచి చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, పైకి చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన గాయం అది. లీకు వెతకడానికి అట్టముక్క వాడాలి.

రోజువారీ పనిలో

పెద్ద ఇంజిన్ ఆపేసి చిన్న ఇంజిన్‌తో తవ్వితే ఇంధనం ఆదా అవుతుందన్న ఆశ వేరే ఇంజిన్ వైపు చాలామందిని లాగుతుంది. ఒకే చోట పెద్ద గొయ్యి తవ్వే పనిలో అది కొంత నిజం. కాలవ తవ్వకంలో కథ మారుతుంది. రెండు మూడు నిమిషాలకోసారి స్టెబిలైజర్లు (తవ్వేటప్పుడు నేలకు ఆనించే కాళ్లు) ఎత్తి, ట్రాక్టర్‌ను ఒక మీటరు ముందుకు జరపాలి. ప్రతిసారీ ట్రాక్టర్ స్టార్ట్ చేసి ఆపడం ఎవరికీ ఓపిక ఉండదు, దాన్ని ఐడిల్‌లో వదిలేస్తారు. అప్పుడు రెండు ఇంజిన్లు తిరుగుతుంటాయి. ట్రాక్టర్‌ను న్యూట్రల్‌లో ఉంచి బకెట్‌తో నేలను తోసి జరిపేవాళ్లూ ఉన్నారు. చదును నేల మీద అది నడుస్తుంది, వాలులో బ్రేకు లేని ట్రాక్టర్‌తో ఆ ఆట వద్దు. పెట్రోల్ ఇంజిన్ ఒక కిలోవాట్ గంటకు 300 గ్రాములకు పైగా ఇంధనం తాగుతుంది, అంటే 5 కిలోవాట్ల సగటు పనికి గంటకు రెండు లీటర్లు. ఆదా అనుకున్నది కాగితం మీద కనిపించినంత ఉండదు.

పెట్రోల్ ఇంజిన్‌కు వాలు కూడా ఇబ్బందే. వీటిలో చాలావాటికి ఆయిల్ పంపు ఉండదు, అడుగున ఉన్న ఆయిల్‌ను చిలకరించుకుంటూ బతుకుతాయి. సుమారు 20 డిగ్రీలు మించి ఒరిగితే లోపలి భాగాలకు ఆయిల్ అందదు, లేదా ఆయిల్ సెన్సర్ ఇంజిన్‌ను ఆపేస్తుంది. కొండవాలులో బ్యాక్‌హో మధ్యలో ఆగిపోతే ఎక్కువమంది కార్బురేటర్ విప్పుతారు, అసలు కారణం ఒరుగుడు. చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేయడం మరో తంటా. పంపు నేరుగా తగిలించి ఉంటుంది కాబట్టి తాడు లాగే మనిషి ఇంజిన్‌తోపాటు చిక్కబడ్డ ఆయిల్‌ను కూడా తిప్పాలి. సెల్ఫ్ స్టార్ట్ ఉన్నది తీసుకోవడం, చల్లటి ప్రాంతాల్లో 46 గ్రేడు బదులు పల్చటి 32 గ్రేడు ఆయిల్ వాడటం దీనికి మందు. డీజిల్ ఇంజిన్ అయితే టార్క్ బాగుంటుంది, ట్రాక్టర్ డబ్బా నుంచే ఇంధనం పోసుకోవచ్చు. కాకపోతే బరువు, అదురు, ధర మూడూ ఎక్కువ.

ఇంతకీ వేరే ఇంజిన్ ఎక్కడ సరైన నిర్ణయం? పీటీఓ లేని గార్డెన్ ట్రాక్టర్‌కు చిన్న బ్యాక్‌హో కట్టేటప్పుడు. పీటీఓ పాడై, బాగుచేయడం ట్రాక్టర్ విలువకన్నా ఎక్కువయ్యేటప్పుడు. బ్యాక్‌హోను ట్రాక్టర్ మీద కాకుండా ట్రైలర్ ఫ్రేమ్ మీద పెట్టి, లాగడానికి ఏ బండి దొరికితే దాన్ని వాడాలనుకున్నప్పుడు. పాత ఫోర్డ్, ఫెర్గూసన్ తరహా ట్రాక్టర్లు కూడా ఈ జాబితాలోకి వస్తాయి. 1939లో వచ్చిన ఫోర్డ్ 9ఎన్‌లో లిఫ్టు పంపు పీటీఓ షాఫ్ట్ మీద ఆధారపడి తిరుగుతుంది, అది లిఫ్టు ఎత్తడానికి చేసిన చిన్న పంపు, దాంతో బ్యాక్‌హో నడపాలనుకోవడం అత్యాశ. అయితే ఆ ట్రాక్టర్లలోనూ క్రాంక్ షాఫ్ట్ ముందు కొస నుంచి పంపు తిప్పుకునే దారి ఒకటుంది. చోటు కుదిరితే అది వేరే ఇంజిన్ కన్నా చక్కగా పనిచేస్తుంది.

అన్నిటికన్నా బలమైన కారణం యూనిట్‌ను నాలుగు పనులకు వాడుకోవడం. ఒకే ఇంజిన్, పంపు, ట్యాంకు ఉన్న ఫ్రేమును ఈరోజు బ్యాక్‌హోకు, రేపు కట్టెలు చీల్చే యంత్రానికి, మరోరోజు గుంజలు పాతే యంత్రానికి తగిలించుకునేవాళ్లకు ఖర్చు గిట్టుబాటవుతుంది. అలా వాడాలంటే క్విక్ కప్లర్లు కావాలి. వీటిలో సైజు తగ్గించుకుంటే ప్రతి కప్లర్ దగ్గరా ప్రెషర్ నష్టపోతుంది, రిటర్న్ వైపు ఒక సైజు పెద్దది పెట్టాలి. ఇంకో సంగతి, రిటర్న్ కప్లర్ సరిగ్గా కూర్చోకపోతే లోపలి బంతి మూసుకునే ఉంటుంది. బ్యాక్‌హో వాల్వులోని రిలీఫ్ వదిలే ఆయిల్ కూడా ఆ రిటర్న్ దారిలోనే పోవాలి కాబట్టి, ఆ దారి మూసుకుంటే రిలీఫ్ ఉన్నా లేనట్టే. ఇంజిన్ స్టార్ట్ చేయగానే రిటర్న్ హోస్ చిట్లడమో, వాల్వు బాడీ పగలడమో జరుగుతుంది. అందుకే విప్పి తగిలించే యూనిట్లలో పంపు పక్కనే, కప్లర్ల కన్నా ముందే, నేరుగా ట్యాంకులోకి తెరుచుకునే రెండో రిలీఫ్ వాల్వు పెట్టి, దాన్ని బ్యాక్‌హో రిలీఫ్ కన్నా 10, 15 బార్ ఎక్కువకు సెట్ చేస్తారు.